రెండు బాణాల కథ

1995 జనవరి 8వ తేదీన, సంక్రాంతికి వారం ముందు, పాశర్లపూడి దగ్గర తవ్వుతున్న సహజవాయువు బావి ఒకటి అదుపు తప్పి అంటుకుంది. అప్పుడు నేను అమలాపురంలో ఇంటర్మీడియట్ చదువుతున్నాను. రాత్రిపూట మేడ మీదికెక్కి చూస్తే పడమటి దిక్కున, కొబ్బరి తోటల తలల మీదుగా, ఆకాశం ఎర్రగా కాగుతూ కనిపించేది. మొదటి నాలుగు రోజులూ భయపడ్డాం. ఆ తరవాత అలవాటు పడ్డాం. "ఈ యేటి భోగిమంట ఇంకా ఆరలేదోయ్" అని వీధి అరుగుల మీద పెద్దలు విరుపుగా అనుకునేవారు. ఆ మంట ఆరడానికి అరవై అయిదు రోజులు పట్టింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా రసాయనశాస్త్రం మాస్టారు ద్విగత చర్యల పాఠం మొదలుపెట్టారు. నల్లబల్ల మీద ఎడమవైపు నైట్రోజన్, హైడ్రోజన్, కుడివైపు అమ్మోనియా, నడుమ ఒకదానికొకటి ఎదురుగా రెండు సగం బాణాలు. వెనక బల్ల మీంచి ఒక కుర్రవాడు లేచి, "మాస్టారూ! బావిలో గ్యాసు మండిపోతే మళ్ళీ వెనక్కి రాదు గదండీ, మరి అక్కడ ఒక్క బాణమేనా?" అని అడిగాడు. తరగతి అంతా గొల్లుమంది. మాస్టారు మాత్రం నవ్వలేదు. "నీ ప్రశ్నలో రెండు ప్రశ్నలున్నాయిరా. ఎంతదూరం పోతుంది అన్నది ఒకటి, ఎంత వేగంగా పోతుంది అన్నది ఇంకొకటి. ఆ రెంటినీ విడదీసి చూడటానికి మహామహులకే వందేళ్ళు పట్టింది. మీరేమో పరీక్షలో కలిపి కొట్టేస్తారు" అన్నారు.

ఆ మాట నన్ను చాలాకాలం వదలలేదు. ఆ వందేళ్ళ కథను నాకు అర్థమైనంతవరకు చెప్పి, అది తిరిగి తిరిగి మా కోనసీమకే ఎలా చేరిందో చూపించాలన్నది ఈ టపా ఉద్దేశం.

పద్దెనిమిదవ శతాబ్దపు రసాయనవేత్తల దృష్టిలో చర్యలన్నీ ఒంటి బాణాలే. ఏ పదార్థానికి ఏ పదార్థమంటే ఎక్కువ మక్కువో వరసగా పట్టికలు వేసుకున్నారు. మక్కువ ఎక్కువున్నది వచ్చి తక్కువున్నదాన్ని గెంటేస్తుంది, అక్కడితో కథ ముగుస్తుంది అని వారి నమ్మకం. ఆ నమ్మకానికి బీటలు పడింది ప్రయోగశాలలో కాదు, ఎడారిలో. 1798లో నెపోలియన్ ఈజిప్టు మీదికి దండెత్తినప్పుడు వెంట తీసుకువెళ్ళిన పండితులలో బెర్తొలే అనే ఫ్రెంచి రసాయనవేత్త ఉన్నాడు. అక్కడి ఉప్పు సరస్సుల ఒడ్డున సోడా పేరుకుపోయి ఉండటం అతడు చూశాడు. ప్రయోగశాలలో సోడాను కాల్షియం క్లోరైడుతో కలిపితే ఉప్పూ సున్నపురాయీ వస్తాయి. ఇది అందరికీ తెలిసినదే. కాని ఆ సరస్సుల వద్ద జరిగింది దీనికి సరిగ్గా తలకిందులు. అడుగున అంతులేని సున్నపురాయి, పైన అంతులేని ఉప్పు, ఏర్పడిన సోడా ఎప్పటికప్పుడు ఒడ్డుకు చేరి పేరుకోవడం. వీటన్నిటి మూలంగా చర్య వెనక్కి నడిచింది. అంటే చర్య ఎటు పోవాలో నిర్ణయించేది మక్కువ ఒక్కటే కాదు, ఏది ఎంత మోతాదులో ఉన్నదన్నది కూడా అని బెర్తొలేకి తోచింది.

దీనికోసం ఈజిప్టు దాకా పోనక్కరలేదు. గుల్లసున్నం సంగతి మన పెద్దలందరికీ తెలిసినదే. నత్తగుల్లలను బట్టీలో పెట్టి కాలిస్తే బొగ్గుపులుసు వాయువు గాలిలో కలిసిపోయి సున్నం మిగులుతుంది. ఆ సున్నాన్ని నీళ్ళలో విరిచి గోడకు కొడితే, అది గాలిలోని అదే వాయువును మెల్లమెల్లగా పీల్చుకుని మళ్ళీ గుల్లలాగే గట్టిపడుతుంది. బట్టీలో ముందుకు, గోడ మీద వెనక్కి. బట్టీ నోరు తెరిచి ఉన్నది కనుకనే గుల్ల అంతా సున్నమవుతున్నది. గాలి చొరబడకుండా మూసిపెట్టి కాలిస్తే, పుట్టిన వాయువు బయటికి పోయే దారి లేక, కొంతదాకా వెళ్ళి ఆగిపోతుంది. మూసిన పాత్ర, తెరిచిన పాత్ర అనే ఈ భేదాన్ని కొంచెం గుర్తు పెట్టుకోండి. చివర్లో దీనితో పని ఉంది.

ఇక వేగం సంగతి. చర్య ఎంత వేగంగా నడుస్తున్నదో కొలవవచ్చునని మొదటగా చూపించినవాడు విల్‌హెల్మీ అనే జర్మన్ శాస్త్రవేత్త. 1850లో అతడు ఎంచుకున్న పదార్థం చెరకు పంచదార. పాకం పట్టేటప్పుడు రెండు చుక్కల నిమ్మరసం పిండితే పాకం రాళ్ళు కట్టదని మన ఇళ్ళలో ఆడవారికి తెలుసు. ఆ పులుపు పంచదారను రెండు చిన్న చక్కెరలుగా విడగొడుతుంది. పంచదార నీళ్ళగుండా ప్రత్యేకమైన కాంతిని పంపితే అది ఒక పక్కకు తిరుగుతుంది. విడిపోయిన చక్కెరలు దాన్ని రెండో పక్కకు తిప్పుతాయి. విల్‌హెల్మీ ఆ మలుపును చూస్తూ, ఏ క్షణాన ఎంత పంచదార మిగిలిందో లెక్కగట్టాడు. మిగిలిన పంచదార ఎంత ఉంటే వేగం అంత ఉంటుందని, సరుకు తగ్గినకొద్దీ వేగం కూడా తగ్గుతుందని తేల్చాడు. చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు.

1864లో నార్వేలో గుల్‌బర్గ్, వాగె అనే ఇద్దరు, ఒకరికొకరు బంధువులు, బెర్తొలే మోతాదునూ వేగాన్నీ ఒక్కచోట చేర్చారు. ముందుకు పోయే చర్య ఒకటి, వెనక్కి వచ్చే చర్య ఒకటి, రెండూ ఒకేసారి నడుస్తూనే ఉంటాయి. రెంటి బలాలు సమానమైన చోట పైకి అంతా నిలిచిపోయినట్లు కనిపిస్తుంది. దీన్నే మన పాఠ్యపుస్తకాలు ద్రవ్యరాశి క్రియా నియమం అంటాయి. వారు దానిని ప్రకటించింది నార్వే భాషలో. తక్కిన యూరపు దానిని చదవలేదు. తెలుగులో రాసుకుంటున్న మనకు ఈ బాధ ఒకింత అర్థమవుతుందనుకుంటాను! 1884లో డచ్చి శాస్త్రవేత్త వాంట్ హాఫ్ వేగాలనూ సమతాస్థితినీ ఒకే పుస్తకంలో చర్చించాడు. మా మాస్టారు బల్ల మీద గీసిన ఎదురెదురు బాణాల గుర్తు వాడుకలోకి వచ్చింది అతడివల్లనే. రసాయనశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి, 1901లో, అతడికే ఇచ్చారు.

ఈ సమతాస్థితిని మాస్టారు మాకు కోటిపల్లి రేవుతో చెప్పారు. కోటిపల్లి నుంచి ముక్తేశ్వరానికి పంటు మీద జనం దాటుతుంటారు, అటునుంచి ఇటూ దాటుతుంటారు. గంటకు అటు వెళ్ళేవారూ ఇటు వచ్చేవారూ సమానమైతే, రెండు గట్ల మీదా జనం లెక్క మారదు. అంతమాత్రాన రేవు నిద్రపోయినట్లు కాదు; పంటు తిరుగుతూనే ఉంది. ఇంకొక సంగతి. సమానం కావలసింది దాటే వేగాలు, గట్ల మీది జనం కాదు. ఒక గట్టున పదిమందీ ఇంకొక గట్టున వెయ్యిమందీ ఉన్నా సమతాస్థితి సమతాస్థితే. పరీక్షలో నూటికి తొంభైమంది తప్పేది ఇక్కడేనని ఆయన అంటుండేవారు.

వాంట్ హాఫ్ పుస్తకం వచ్చిన 1884లోనే ఫ్రాన్సులో లీ చాట్లియర్ తన సూత్రాన్ని ప్రకటించాడు. సమతాస్థితిలో ఉన్నదాన్ని మనం ఒకవైపు నొక్కితే, అది ఆ ఒత్తిడిని తగ్గించుకునే వైపుకు జరుగుతుంది. ఈ సూత్రాన్ని చేతిలో పట్టుకుని చూస్తే అమ్మోనియా తయారీ ఎలాగో కాగితం మీద తేలికగా తేలిపోతుంది. నాలుగు పాళ్ళ వాయువులు రెండు పాళ్ళుగా ముడుచుకుంటాయి కనుక పీడనం పెంచాలి. చర్యలో వేడి పుడుతుంది కనుక చల్లగా ఉంచాలి. కాగితం మీద ఇంతే.

కాని నైట్రోజన్ పరమ మొండిది. దాని అణువులో రెండు పరమాణువులూ మూడు బంధాలతో పెనవేసుకుని ఉంటాయి. చల్లగా ఉంచితే అమ్మోనియా ఎక్కువ రావలసిందే, కాని అది వచ్చేలోపల యుగాలు గడిచిపోతాయి. వేడి చేస్తే త్వరగా వస్తుంది, వచ్చింది వచ్చినట్లే విడిపోతుంది. ఎంతదూరం అన్న ప్రశ్నకు జవాబు చలువ. ఎంత వేగం అన్న ప్రశ్నకు జవాబు వేడి. రెండు ప్రశ్నలూ ఒకదానికొకటి ఎదురు తిరిగి కూర్చున్నాయి. లీ చాట్లియర్ స్వయంగా 1901లో ఈ చర్యకు పూనుకున్నాడు. పరికరంలో గాలి కలిసి పేలుడు జరిగింది. ఆయన ఆ ప్రయత్నాన్ని అక్కడితో విడిచిపెట్టాడు. ముసలితనంలో దాన్ని తలచుకుని, తన జీవితంలోకెల్లా పెద్ద పొరపాటు అదేనని బాధపడ్డాడు.

ఆ తరవాతివాడు ఫ్రిట్జ్ హేబర్. మొదట సాధారణ పీడనం వద్ద, వెయ్యి డిగ్రీల వేడిలో ప్రయత్నిస్తే అతడికి వచ్చిన అమ్మోనియా పదివేలలో ఒక వంతు మాత్రమే. అంకెలు సరిగా లేవని 1907లో నెర్న్‌స్ట్ అనే మహాపండితుడు సభలో అందరి ఎదుటా తప్పుపట్టాడు. ఆ అవమానమే హేబర్‌ని మళ్ళీ పనిలోకి దింపింది. రాబర్ట్ ల రొసిన్యోల్ అనే సహాయకుడు అధిక పీడనాన్ని తట్టుకునే పరికరాన్ని తీర్చిదిద్దాడు. 1909 జులై 2న, కార్ల్స్‌రూహెలో, వాతావరణ పీడనానికి రెండు వందల రెట్ల దరిదాపుల్లో, ఆస్మియం ఉత్ప్రేరకంగా, గంటకు సుమారు 125 మిల్లీలీటర్ల చొప్పున ద్రవ అమ్మోనియా చుక్కలు చుక్కలుగా పడింది. ఒక్క విడతలో వాయువులన్నీ అమ్మోనియాగా మారవు. మారినంత మేరకు చల్లబరచి తీసేసి, మిగిలినదాన్ని మళ్ళీ తిప్పి లోపలికి పంపడమే హేబర్ చేసిన అసలు యుక్తి. ఈజిప్టు సరస్సు ఒడ్డున సోడా పేరుకున్నట్లే ఇది కూడా. పుట్టినదాన్ని పుట్టినట్లే తప్పిస్తే చర్య మళ్ళీ ముందుకే నడుస్తుంది.

ఇక ఉత్ప్రేరకం. ఆస్మియం అరుదైనది, ఖరీదైనది. బి.ఎ.ఎస్.ఎఫ్. కంపెనీలో మిటాష్ అనే రసాయనవేత్త వేలకొద్దీ ప్రయోగాలు చేసి, చివరికి కొంచెం అల్యూమినా, పొటాష్ వంటివి కలిపిన మామూలు ఇనుమే చాలునని తేల్చాడు. బాష్ అనే ఇంజనీరు దాన్ని కర్మాగారంగా మలిచాడు. 1913లో ఒపావులో ఉత్పత్తి మొదలైంది. ఉత్ప్రేరకం చేసే పని ఏమిటో చెప్పడానికి మా మాస్టారికి ఆనాడు పోలిక దొరకలేదు. 2002లో ఎదుర్లంక, యానాం నడుమ గౌతమి మీద వంతెన వచ్చాక ఆ పోలిక నాకు దొరికింది. వంతెన పడితే అటు వెళ్ళేవారికీ ఇటు వచ్చేవారికీ ఒకేలా దారి తేలికవుతుంది. చర్య మూసిన పాత్రలో ఉన్నంతవరకు ఏ గట్టున ఎంతమంది స్థిరపడాలన్నది వంతెన మార్చదు. అక్కడికి తొందరగా చేరుస్తుంది, అంతే. ఇనుము చేసింది అదే. వేడిని నాలుగైదు వందల డిగ్రీల దాకా దించి కూడా పని జరిగేటట్లు చేసింది. అంతకన్నా దించలేము, అంతకన్నా పెంచకూడదు. పాఠ్యపుస్తకంలో అనుకూల పరిస్థితులు అన్న శీర్షిక కింద బట్టీ పట్టిన ఆ అంకె నిజానికి రెండు ప్రశ్నల నడుమ కుదిరిన రాజీ.

ఆ రాజీ మీదనే ఈనాటి ప్రపంచ జనాభాలో సుమారు సగం మంది తిండి ఆధారపడి ఉందని అంచనా. అదే అమ్మోనియా మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీకి మందుగుండు కూడా అయింది. 1915 ఏప్రిల్ 22న ఈప్ర వద్ద క్లోరిన్ విషవాయువును వదిలించినవాడూ ఈ హేబరే. కొద్దిరోజులకే అతని భార్య క్లారా, తానూ రసాయనశాస్త్రంలో డాక్టరేటు పొందిన విదుషీమణి, ఆత్మహత్య చేసుకుంది. 1921 సెప్టెంబరు 21న ఒపావులో ఎరువు నిలవ చేసిన గోదాం పేలి అయిదు వందల మందికి పైగా చనిపోయారు. కడుపు నింపే రసాయనమూ కాటికి పంపే రసాయనమూ ఒకే కొలిమిలో పుట్టాయి.

ఈ కొలిమి మా ఊళ్ళ దాకా ఎలా వచ్చిందో చూద్దాం. కృష్ణా గోదావరి డెల్టా అడుగున సహజవాయువు ఉన్నదని 1978లో నరసాపురం వద్ద తేలిన తరవాత ఓ.ఎన్.జి.సి. బావులు వశిష్ఠ దాటి రాజోలు, తాటిపాక, పాశర్లపూడి ప్రాంతాలకు విస్తరించాయి. 1992లో కాకినాడలో నాగార్జున ఫెర్టిలైజర్స్ ఉత్పత్తి మొదలుపెట్టింది. దానికి ముడిసరుకు ఈ క్షేత్రపు సహజవాయువే. ఇందులో ముఖ్యభాగం మీథేన్. దాన్ని నీటి ఆవిరితో నికెల్ ఉత్ప్రేరకం మీద కాలిస్తే హైడ్రోజన్ వస్తుంది: ద్విగత చర్య. అందులో కలిసి వచ్చిన కార్బన్ మోనాక్సైడును మళ్ళీ ఆవిరితో కలిపితే ఇంకొంత హైడ్రోజన్: ద్విగత చర్య. హైడ్రోజన్, గాలిలోని నైట్రోజన్ కలిసి అమ్మోనియా: ద్విగత చర్య. అమ్మోనియా, బొగ్గుపులుసు వాయువు కలిసి యూరియా: అదీ ద్విగత చర్యే. బావి నుంచి బస్తా దాకా అడుగడుగునా రెండు బాణాలే.

పొలంలో కూడా అవి వదలవు. నీరు కట్టిన వరిచేలో యూరియా చల్లితే అది త్వరలోనే అమ్మోనియం అవుతుంది. అమ్మోనియం, అమ్మోనియా వాయువు ఒకదానిలోకి ఒకటి మారుతుంటాయి. మధ్యాహ్నపు ఎండలో చేలోని నాచు నీళ్ళలోని బొగ్గుపులుసును తినేస్తే నీటికి క్షారగుణం పెరుగుతుంది; తూకం వాయువు వైపుకు మొగ్గుతుంది; ఎరువులో చెప్పుకోదగ్గ భాగం గాలిలోకి లేచిపోతుంది. చేను మూసిన పాత్ర కాదు గదా. యూరియాను వేపపిండితో కలిపి చల్లే అలవాటు మన రైతులకు ఉంది. అది నేలలో ఎరువు మారిపోయే వేగాన్ని తగ్గిస్తుంది. 2015 నుంచి దేశంలో తయారయ్యే యూరియాకంతటికీ వేపపూత తప్పనిసరి చేశారు. గమ్యాన్ని మార్చలేనప్పుడు వేగాన్నైనా పట్టుకోవడమన్నమాట.

ఇప్పుడు ఆ వెనకబల్ల కుర్రవాడి ప్రశ్నకు వస్తాను. మీథేన్ గాలితో కలిసి మండాలన్నది ఎప్పుడో తేలిపోయిన విషయం. ఎంతదూరం అంటే చివరిదాకా. అయినా ఆ రెండూ కలిసి ఊరికే ఉంటే ఏమీ జరగదు, నిప్పురవ్వ పడేదాకా వేగం దాదాపు సున్నా. రవ్వ పడ్డాక ఆపగలవాడు లేడు. తెరిచిన ఆకాశం కింద పుట్టిన వాయువు పుట్టినట్లే ఎగిరిపోతుంది. అవును, అక్కడ ఒక్క బాణమే.

2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరంలో గెయిల్ గ్యాసు గొట్టం నుంచి వాయువు కారి, నిప్పంటుకుని, ఇరవై మందికి పైగా చనిపోయారు. ఇళ్ళూ కొబ్బరిచెట్లూ నిలువునా కాలిపోయాయి. ఆ మంట క్షణాలలో జరిగింది. దాని వెనక చర్య మాత్రం క్షణాలలో జరిగింది కాదు. పొడి వాయువు కోసం ఉద్దేశించిన గొట్టంలో తడి వాయువు ప్రవహించిందనీ, లోపలి నీరూ బొగ్గుపులుసు వాయువూ గొట్టాన్ని తుప్పు పట్టించాయనీ విచారణలో బయటపడింది. బొగ్గుపులుసు వాయువు నీటిలో కలిసి ఆమ్లం కావడం మళ్ళీ మన రెండు బాణాల చర్యే. ఆ ఆమ్లం ఇనుమును తినడం మహా మెల్లగా, సంవత్సరాల తరబడి సాగే పని. మిటాష్ వేల ప్రయోగాలు చేసి ఎంచుకున్న ఆ ఇనుమే ఒకచోట తిండి పెట్టే ఉత్ప్రేరకం, ఇంకొకచోట చుక్క చుక్కగా కరిగిపోయిన గొట్టం.

మాస్టారు చెప్పిన రెండు ప్రశ్నల విలువ నాకు అప్పుడు పూర్తిగా తెలిసింది. ఎంతదూరం అన్నది ప్రకృతి తేల్చేసిన లెక్క. దానితో బేరం లేదు. ఎంత వేగం అన్నదాంట్లోనే మనిషికి చోటుంది. వేగం లేనిచోట హేబర్, మిటాష్ దాన్ని పుట్టించి లోకానికి తిండి పెట్టారు. వేగం తక్కువగా ఉన్నచోట, అంటే తుప్పులాంటి చర్యలో, ప్రకృతి మనకు ఏళ్ళకు ఏళ్ళు వ్యవధి ఇస్తుంది: చూసుకోండి, బాగుచేసుకోండి అని. ఆ వ్యవధి ఉన్నంతకాలం వెనక్కి తిరిగే బాణం మన చేతిలోనే ఉంటుంది. నగరంలో ఆ వ్యవధి గడిచిపోయింది. చనిపోయినవారి విషయంలో ఇక రెండో బాణం లేదు.

ఇప్పుడు మా పిల్లలు అదే పాఠం చదువుతున్నారు. అనుకూల పరిస్థితులు రాయమంటే ఉష్ణోగ్రత, పీడనం, ఉత్ప్రేరకం అని మూడు ముక్కలూ తడుముకోకుండా చెప్పేస్తారు, మార్కులు కూడా పడతాయి. నేను మాత్రం వాళ్ళను కూర్చోబెట్టి ఆ రెండు ప్రశ్నలూ విడివిడిగా అడుగుతుంటాను. విసుక్కుంటారు. విసుక్కున్నా ఫరవాలేదు. మాస్టారి దగ్గర మేమూ విసుక్కున్నవాళ్ళమే.